బావ పెంటియం ఫోర్, ర్యాంబస్ ర్యామ్, అక్క మర్చిపోని ప్లాటు

అటక మీంచి దించిన ఈ క్యాబినెట్ మా బావది. 2001 మొదట్లో సికింద్రాబాద్ సీటీసీలో డెబ్బై వేల పైచిలుకు పోసి అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్, ఇంటెల్ పెంటియం ఫోర్ ప్రాసెసర్, 1.4 గిగాహెర్ట్జ్. అదే సమయంలో ఘట్‌కేసర్ వైపు ఒక ప్లాటు బేరానికి వచ్చిందట. ఆ ప్లాటు ఇప్పుడెంత పలుకుతోందో అక్క పండగ పండక్కీ లెక్క చెబుతుంది.

ప్లాటు సంగతి అలా ఉంచినా, కంప్యూటర్‌గా కూడా అది కొనకూడని సమయం. పెంటియం ఫోర్ 2000 నవంబర్‌లో 423 పిన్నుల సాకెట్‌తో (ప్రాసెసర్ కూర్చునే గూడు) వచ్చింది. 2001 ఆగస్టుకల్లా ఇంటెల్ 478కి మారిపోయింది. పాత సాకెట్ 2 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది. పైగా కొన్ని పనుల్లో 1 గిగాహెర్ట్జ్ పెంటియం త్రీయే దీన్ని దాటిపోయేది. ర్యామ్ సంగతి ఇంకా ఘోరం. 850 చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే చిప్పులు) బోర్డు కాబట్టి మామూలు ఎస్‌డీర్యామ్ పట్టదు, ర్యాంబస్ కంపెనీ రూపొందించిన ఖరీదైన ర్యామే కావాలి, అదీ జతలుగా.

"ఇంటెల్‌కీ ర్యాంబస్‌కీ పెళ్లయితే డెబ్బై వేలు చదివించావు బావా" అన్నాను.

"2021లో గ్రాఫిక్స్ కార్డుకి రెట్టింపు రేటు పెట్టింది ఎవరు బామ్మర్దీ? నా పెళ్లిలో కనీసం భోజనం పెట్టారు."

ఇక పని. పాత ఎస్‌ఎంపీఎస్‌ని (కరెంటు సప్లై డబ్బా) నమ్మి స్విచ్ వేయలేదు. కొత్తది తగిలించాను. పెంటియం ఫోర్ బోర్డు ప్రాసెసర్‌కి కరెంటు 12 వోల్టుల లైన్ నుంచి, విడిగా నాలుగు పిన్నుల కనెక్టర్ ద్వారా తీసుకుంటుంది. ఇప్పటి సప్లైలు బలంగా ఉండేది ఆ లైన్ మీదే కాబట్టి ఇబ్బంది లేదు. పెంటియం త్రీ, పాత ఆథ్లాన్ బోర్డుల్లో చాలావాటికి 5 వోల్టుల లైన్ గట్టిగా కావాలి, అక్కడ చూసి కొనాలి. బోర్డు గడియారాన్నీ సెట్టింగుల్నీ నిలిపే సీఎంఓఎస్ బ్యాటరీ సీఆర్ 2032, సులువుగానే దొరుకుతుంది.

ప్రాసెసర్ పక్కన కెపాసిటర్లు మూడు నెత్తి ఉబ్బి ఉన్నాయి, అంటే పాడైనట్టే. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడ్‌లవి తెచ్చాను. కొట్టువాడు మొదట మామూలువి చేతిలో పెట్టాడు. లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ), 105 డిగ్రీలవి అని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. లావు కూడా చూసుకోవాలి, సాకెట్ పక్కన ఒక మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ బ్రాకెట్‌కి తగులుతుంది. బోర్డు లోపలి రాగి గ్రౌండ్ పొర వేడంతా లాగేసుకుంటుంది, 25 వాట్ల ఐరన్‌తో సీసం కరగలేదు. 60 వాట్లది పెట్టి, ఫ్లక్స్ రాసి, పాత కాలు మీద కాస్త కొత్త సీసం వేశాక సులువుగా ఊడి వచ్చాయి.

ఇంత చేసినా స్క్రీన్ నల్లగానే ఉంది, బీప్ మాత్రం ఆగదు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను, రెండు ర్యామ్ ముక్కలూ అటూ ఇటూ మార్చాను, లాభం లేదు. నాలుగు స్లాట్లలో రెండిటిలో 128 ఎంబీలవి ఉన్నాయి, మిగతా రెండు ఖాళీ. తంటా ఆ ఖాళీలతోనే. ర్యాంబస్‌లో సిగ్నల్ స్లాటు నుంచి స్లాటుకి, వినాయక చవితి పందిరికి కట్టే సీరియల్ బల్బుల్లా, ఒకదాని గుండా ఇంకోదానికి పోతుంది. వాడని స్లాటులో చిప్పుల్లేని ఉత్త బోర్డు ముక్క పెట్టి దారి కలపాలి. దాన్ని సీరిమ్ అంటారు. పదేళ్ల కింద ఎవరో రిపేరు చేసిన అబ్బాయి "ఇవి డమ్మీలు సార్" అని పీకేశాడట, అప్పటి నుంచే ఇది అటకెక్కింది. బావ ఆ డమ్మీలు పారేయలేదు. పాత సీడీల డబ్బాలో, మౌస్ బంతుల మధ్య దొరికాయి. వాటి అంచుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి గుచ్చితే మొదటి దెబ్బకే 256 ఎంబీ లెక్కపెట్టింది. బావ మొహం చూడాల్సిందే, ప్లాటు రిజిస్ట్రేషన్ అయినట్టు.

20 జీబీ హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. పూర్తిగా పోకముందే ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీసుకుని, పాత డిస్కుల కేబుల్‌కి తగిలే ఐడీఈ అడాప్టర్ మీద 32 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టి అందులోకి ఎక్కించాను. విండోస్ 98కి అంత చాలు, 137 జీబీ దాటితే అది ఎలాగూ తడబడుతుంది. అక్క అప్పట్లో అను ఫాంటులో టైప్ చేయించిన సీమంతం పిలుపు బయటపడింది. యూనికోడ్ కాదు కాబట్టి నా ల్యాప్‌టాప్‌లో పిచ్చి గీతలు, ఇక్కడ పాత ఫాంటు ఉంది కాబట్టి చక్కటి తెలుగు. దానికి స్క్రీన్ ఫొటో తీసి అక్కకి పంపాను. గంటసేపు ప్లాటు ఊసెత్తలేదు.

మిగిలినవి: సీడీ డ్రైవ్ ట్రే బెల్టు మార్చాలి, ప్రాసెసర్ ఫ్యాన్‌కి నూనె చుక్క వేయాలి. బావకి మాత్రం ఇంకో జత ర్యామ్ వేసి 512 చేయాలని కొత్త కోరిక పుట్టింది. "పాత సామానే కదా, చవగ్గానే వస్తుంది" అంటాడు. అమ్మేవాడు చెప్పిన రేటు నాకు తెలుసు, అక్క పక్కనే ఉంది కాబట్టి పైకి చెప్పలేదు.