మంచు కరిగేదాకా

"అటు కాదండీ, ఇటు రండి" అని చెయ్యి ఊపాడాయన. లేపిన కాలు అలాగే ఆపేశాను.

పొద్దున ఎనిమిది. లండన్ శివారులో మా ఇంటి దగ్గరి కంట్రీ పార్క్. నడకదారి గోల్ఫ్ కోర్సు అంచునే పోతుంది. గడ్డి మీద ముగ్గుపిండి చల్లినట్టు మంచు.

ఆయన అక్కడ పచ్చిక చూసుకునే మనిషి. దగ్గరికి పిలిచి గ్రీన్ మీద, అంటే బంతిని గుంతలోకి కొట్టే పొట్టి పచ్చిక మీద, ఓ చోటు చూపించాడు. నల్లగా మాడిన బూటు అచ్చులు, వరసగా ఆరు. పోయిన వారం ఎవరో అడ్డంగా నడిచారట. ఆకులో నీరు గడ్డకట్టినప్పుడు తొక్కితే కణాలు పగిలిపోతాయి. చలికాలం గడ్డి సరిగా పెరగదు, మచ్చ వారాల తరబడి పోదు. నాలుగైదు మిల్లీమీటర్ల గడ్డి అది, పాపం!

అందుకే మంచు కరిగేదాకా ఆటగాళ్లని పక్కన తాత్కాలిక గ్రీన్‌కి పంపుతారు. కొందరు విసుక్కుంటారట.

పట్నంవాళ్లకి పల్లెగాలి దగ్గర్లోనే దొరకాలని 1968 చట్టంతో ఇక్కడి స్థానిక కౌన్సిళ్లు ఇలాంటి పార్కులు పెట్టాయి. కుక్కలతో వచ్చేవాళ్లు, పిల్లలు, ఆటగాళ్లు, నాలాంటి నడకవాళ్లు, అందరిదీ ఒకటే నేల. ఆరేళ్లుగా నడుస్తున్నా, ఆయనతో మాట్లాడింది ఇవాళే. సిగ్గేసింది.

తిరుగుదారిలో చుట్టూ తిరిగే వచ్చాను. ఆయన అప్పటికి బంకర్లో, అదే కోర్సులోని ఇసుక గుంటలో, ఇసుక సర్దుతున్నాడు.