ఊడ దిగని చేను

అనంతపురం జిల్లాలో కరువంటే వాన అసలు పడకపోవడమే కాదు. ఏడాది సగటే సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నాలుగు రోజుల్లో కురిసి, ఆ తర్వాత నెల రోజులు మొహం చాటేస్తే వేరుశనగ చేతికి రాదు.

విత్తిన 25–30 రోజులకు పూత మొదలవుతుంది. పూత నుంచి ఊడ (కొనకు కాయ కట్టే సన్నని కాడ) దిగి మట్టిలోకి దూరితేనే కాయ. ఎర్రనేల ఎండితే పైన చెక్కు కట్టేస్తుంది. ఊడ మొన దానికి తగిలి అక్కడే ఎండిపోతుంది. దూరినవాటికీ తడి లేకపోతే కాల్షియం అందక లొట్టకాయలే మిగులుతాయి. ఆ కాల్షియం కోసమే పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు గానీ, తడి లేని నేలలో అది కరగదు. పెట్టిన డబ్బు మట్టిపాలే. ఆఖర్లో బెట్ట వస్తే కాయకు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే బూజు ముప్పు కూడా.

కాయ పోతే అప్పు మిగులుతుంది. కట్టె (కాయ తీశాక మిగిలే మొక్క) పోతే పశువుల మేత పోతుంది, ఎద్దులు సంతకు వెళ్తాయి. మనుషులు బెంగళూరు పనులకు పోతే ఊళ్లో ముసలివాళ్లూ పిల్లలే. అందరికంటే నలిగేది కౌలు రైతు: కౌలు ముందే కట్టి ఉంటాడు, పరిహారం మాత్రం చాలాసార్లు పట్టా ఉన్నవారి ఖాతాకే.

వేరుశనగ ఒక్కటే వేయకండి. ఏడు సాళ్లకో సాలు కంది పెట్టండి. దాని వేరు లోతుకు పోతుంది, వెనకవాన అందుకుంటుంది. అదును దాటితే వేరుశనగ విత్తనం మీద డబ్బు పోయకండి. ఆగస్టులో ఉలవ చల్లినా పశువుకు మేతైనా దక్కుతుంది.