కర్రకి గేర్లా? ట్రెకింగ్‌కీ స్కీయింగ్‌కీ ఒకే జత పోల్స్

రెండేళ్ల కిందట జూలైలో అమెరికాలోని మౌంట్ రెయినియర్ అనే కొండ మీద స్కైలైన్ ట్రెయిల్ దిగుతున్నాం. మన దగ్గర జూలై అంటే వానలు, అక్కడ దారి మీద ఇంకా మంచే. ఆ ట్రెయిల్ మొదలయ్యే పారడైజ్ దగ్గర 1971-72లో 1,122 అంగుళాల మంచు పడిందంటారు, అలాంటి కొండ మీద జూలైలో మంచు మిగిలి ఉండటంలో వింతేం లేదు లెండి. పనోరమా పాయింట్ దాటాక ఒక వాలులో బరువంతా కుడి పోల్ (ఊతానికి పట్టుకునే, పొడుగు మార్చుకోగలిగే చేతికర్ర) మీద వేశాను, అది ముడిచిన గొడుగులా సర్రున లోపలికి దిగిపోయింది. పది అడుగులు కూర్చునే జారాను. దెబ్బలేం తగల్లేదు గానీ ప్యాంటు చిరిగింది, వెనక వస్తున్న మా ఆవిడ కారు ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది.

అవి చవగ్గా దొరికాయని కొన్న ట్విస్ట్ లాక్ పోల్స్. గొట్టాన్ని తిప్పితే లోపలున్న చిన్న ప్లాస్టిక్ ముక్క ఉబ్బి గోడలకి పట్టుకుంటుంది, అంతే దాని కథ. లోపలికి దుమ్ము పోయినా, తడి చేరినా, ఆ తడి చలికి గడ్డకట్టినా పట్టు పోతుంది. పైగా మందపాటి గ్లవ్స్‌తో దాన్ని తిప్పడం నరకం. లివర్ లాక్ అలా కాదు, సైకిల్ సీటు ఎత్తు మార్చే లివర్ లాంటిదే బయట ఉంటుంది, టక్కున వేసి టక్కున తీయొచ్చు, వదులైతే పక్కనున్న చిన్న స్క్రూ బిగిస్తే సరి. ఇప్పుడు నేను దీనికి తప్ప దేనికీ డబ్బు పెట్టను. షాపులో లివర్ వేసి, పోల్‌ని నేలకి ఆనించి, మీ బరువంతా దాని మీద మోపి చూడండి. సేల్స్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

రిసార్ట్‌లో లిఫ్ట్ ఎక్కి కిందికి జారడమే మీ స్కీయింగ్ అయితే అడ్జస్టబుల్ పోల్స్ అక్కర్లేదు, మామూలు ఒంటి గొట్టం పోల్ చవక, గట్టిది కూడా. నాలాగా వేసవిలో ట్రెకింగ్, చలికాలంలో స్కీల కింద స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టుకునే పట్టీలు) అంటించుకుని కొండ ఎక్కి మళ్లీ జారే పిచ్చి ఉన్నవాళ్లకే ఈ గొడవంతా. ఎందుకంటే రెండింటి కొలతలూ తలకిందులు. నడకలో నిటారుగా ఎక్కేటప్పుడు పోల్ పొట్టి చేస్తాం, దిగేటప్పుడు పొడుగు చేస్తాం. స్కీల మీద ఏటవాలు దారిలో మెల్లగా ఎక్కేటప్పుడు పొడుగు కావాలి, జారేటప్పుడు పొట్టి కావాలి. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. చదును నేల మీద మోచెయ్యి సరిగ్గా 90 డిగ్రీలు వంగే కొలత నాకు 115. అక్కడి నుంచి అటూ ఇటూ ఐదూ పది మారుస్తాను, కాబట్టి 105 నుంచి 130 దాకా సాగితే నాకు చాలు. స్కీయింగ్ కొలత మాత్రం బూట్లు వేసుకునే చూసుకోవాలి, లేకపోతే తప్పొస్తుంది.

నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడు ఆ లివర్‌ని పది నిమిషాలు వేస్తూ తీస్తూ కూర్చుని, "ఇదేంట్రా, కర్రకి కూడా గేర్లా?" అన్నారు. తర్వాత దాన్ని భుజం దాకా పొడుగు చేసుకుని నడిచారు. నేను 90 డిగ్రీల పాఠం మొదలుపెడితే, "గొర్రెలు కాసేవాడికి ఎవడు కొలత చెప్పాడ్రా" అని కొట్టిపారేశారు. దిగుడులో నాకంటే ముందే కింద ఉన్నారు మరి.

మూడు ముక్కల పోల్ బ్యాగ్‌లో ఇమిడిపోతుంది, రెండు ముక్కలది ఇమడదు కానీ ఊగదు. జారేటప్పుడు పక్క నుంచి దెబ్బలు పడతాయి కాబట్టి నా ఓటు రెండు ముక్కలకే. కార్బన్ తేలిక, నిజమే, కానీ స్కీ అంచు తగిలి చిన్న గాటు పడితే చాలు, ఇంకెప్పుడో చెరుకు గడలా ఫట్‌మంటుంది. అల్యూమినియం వంగుతుంది. వంగినదాన్ని మోకాలికి ఆనించి కాస్త సరిచేసుకుని ఇంటికైనా రావచ్చు.

బాస్కెట్లు, అంటే పోల్ మొన దగ్గరుండే గుండ్రటి బిళ్లలు, మారే రకమే తీసుకోండి. వేసవికి చిన్నది, మెత్తటి మంచుకి అరచేతి వెడల్పున్న పెద్దది. మొదటిసారి మార్చడం మర్చిపోయి వెళ్తే పోల్ నా మోచేతి దాకా మంచులో దిగబడింది. పోల్ పిడికి ఉండే పట్టీ, అదే స్ట్రాప్‌లోకి చెయ్యి కింది నుంచి పెట్టి, పట్టీని పిడితో కలిపి పట్టుకోండి, అప్పుడు బరువు మణికట్టు మీద పడుతుంది, వేళ్లు నొప్పెట్టవు. చెట్ల మధ్య జారేటప్పుడూ, అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడే) భయం ఉన్న చోటా మాత్రం స్ట్రాప్ తీసేయాలి.

ఇంటికొచ్చాక ముక్కలు విడదీసి, తుడిచి, ఆరబెట్టాలి. లోపల నూనె, గ్రీజు అస్సలు రాయకూడదు, లాక్ జారిపోతుంది. ఆ పాత పోల్స్ తుప్పు పట్టకూడదని నేను శుభ్రంగా కొబ్బరినూనె పట్టించాను. మా ఆవిడకి ఈ సంగతి ఇంకా తెలీదు.