సిలికోసిస్ సోకిన కార్మికుడికి పరిహారం ఎవరు ఇవ్వాలి?

పారిశ్రామికవాడ పక్కన ఇల్లు ఉండడం వల్లనూ, నాలుగు ముక్కలు రాయగలననే పేరు ఉండడం వల్లనూ, పనిలో దెబ్బతిన్న కార్మికుల దరఖాస్తులు రాసిపెట్టే పని ఎప్పటినుంచో నా మీద పడింది. పవర్ ప్రెస్ కింద వేలు పోయినవారి కాగితాలు రాయడం పెద్ద కష్టం కాదు, ఎందుకంటే ఆ విషయంలో చట్టం చాలా స్పష్టంగా, కాస్త నిర్దయగా కూడా, లెక్క కట్టి పెట్టింది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం చూపుడువేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 14 శాతం పోయినట్టు. రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముకకు దెబ్బ లేకుండా కొస మాత్రమే తెగితే 5. నలభై ఏళ్ల మనిషికి నెల జీతం 15,000 అనుకుంటే, అందులో 60 శాతాన్ని ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 184.17తో హెచ్చవేయగా శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 16,57,530 రూపాయలు వస్తుంది. చూపుడువేలి వాటా అందులో 14 శాతం, అంటే సుమారు 2,32,000. జీతం అంతకన్నా ఎక్కువ ఉన్నా 2020 జనవరి నుంచి లెక్కకు 15,000 మాత్రమే తీసుకుంటున్నారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది.

జీతం 21,000 దాటనివారు కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐలో ఉంటే దారి ఇంకా సులువు. కార్మికుడి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. పనిలో గాయపడితే వైద్యంతోపాటు, పనికి వెళ్లలేని కాలానికి సగటు రోజు కూలిలో 90 శాతం ఇస్తారు. పని గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న నియమం లేదు, చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. యజమాని ప్రమాద నివేదిక పంపకుండా నానుస్తుంటే మాత్రం వెంటపడక తప్పదు.

అసలు చిక్కంతా రోగంతోనే. రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్‌ను చట్టం వృత్తి రోగాల పట్టికలో చేర్చింది. నిర్ణీత కాలం ఆ పని చేసినవాడికి ఆ జబ్బు వస్తే, కాదని రుజువయ్యేదాకా దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే భావించమంది, పలువురు యజమానుల దగ్గర చేసి ఉంటే పరిహారాన్ని వారి మధ్య పంచమని కూడా చెప్పింది. చదవడానికి బాగుంది. కానీ నా దగ్గరికి వచ్చిన ఒక క్రషర్ కార్మికుడి ప్లాస్టిక్ సంచిలో మూడు ఎక్స్‌రేలు, క్షయ మందుల కార్డు ఉన్నాయి తప్ప ఒక్క జీతం చీటీ లేదు. ఎవరి దగ్గర చేశావని అడిగితే, "మేస్త్రి పేరు తెలుసు సార్, కంపెనీ పేరు తెలియదు" అన్నాడు. తెగిన వేలికి తేదీ ఉంటుంది, చూసినవాళ్లుంటారు. దుమ్ము ఏళ్ల తరబడి లోపల పేరుకుంటుంది. ఆయాసం మొదలయ్యేసరికి క్రషర్ చేతులు మారి ఉంటుంది, మేస్త్రి మరో జిల్లాకు వెళ్లిపోయి ఉంటాడు.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ఆదివాసులకూ ఇదే జరిగింది. గుజరాత్‌లోని గోధ్రా వైపు క్వార్ట్జ్ రాయిని పొడి చేసే మిల్లుల్లో పనిచేసి వచ్చి ఊళ్లలో చనిపోయారు. చివరికి 2016 మేలో సుప్రీంకోర్టు, చనిపోయిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు చెల్లించమని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. చెల్లించవలసింది మిల్లు యజమాని కాదా అని అడిగేవారుంటారు, సరైన ప్రశ్నే. కానీ యజమాని దొరికేదాకా రోగి బతికి ఉండడని నా అభిప్రాయం.

రాజస్థాన్ 2019లో తెచ్చిన విధానం నాకు నచ్చింది ఇందుకే. అక్కడ వైద్య మండలి సిలికోసిస్ అని ధ్రువీకరిస్తే రోగికి మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో రెండు లక్షలు, నెలనెలా పింఛను ఇస్తారు; ఏ గనిలో చేశావో తేల్చేదాకా డబ్బు ఆపరు. గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి వచ్చే సొమ్ము దీనికి వాడతారు కాబట్టి భారం పూర్తిగా ఖజానా మీద పడదు. గ్రానైటూ క్రషర్లూ ఇన్ని ఉన్న మన రెండు రాష్ట్రాల్లోనూ ఖనిజ నిధులున్నాయి.

రాతి పని చేసేవారికి నేను చెప్పేది ఒక్కటే. దగ్గు తగ్గక ఆసుపత్రికి వెళ్తే, ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో డాక్టరుకు చెప్పి ఓపీ చీటీలో రాయించుకోండి. సిలికోసిస్‌ను క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగించడం మామూలే, పైగా రేపు కార్మిక శాఖ కమిషనర్ ముందు మీ పనికి సాక్ష్యంగా చూపించడానికి ఆ చీటీ తప్ప మరొకటి ఉండకపోవచ్చు.