అమ్మ వేళ్ల వాపు, గుండె దాకా

అమ్మకు 68 ఏళ్లు. కాఫీ గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. కణుపులు ఉబ్బి, పెళ్లినాటి ఉంగరం ఎప్పుడో తీసేసింది. కీళ్లవాతమే కదా అని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాం. గుండె సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అదే నా బాధ.

వయసుతో రక్తనాళాలు ఎలాగూ బిరుసెక్కుతాయి. పైగా కీళ్లవాతంలోలా ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) సన్నగా రగులుతూనే ఉంటే, నాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. 2017లో వెలువడిన కాంటోస్ పరిశోధనలో, అంతకుముందే గుండెపోటు వచ్చిన పదివేల మందిపై, కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా వాపును మాత్రమే తగ్గించే మందును పరీక్షించారు. గుండెపోట్లు తగ్గాయి. కానీ ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి.

"వేళ్లు నొప్పంటే గుండెకు పరీక్షలేంట్రా?" అంటోంది అమ్మ. రేపు పొద్దున్నే ఈసీజీకి తీసుకెళ్తున్నాను.