మానిన గాయం మళ్లీ చీము పట్టినప్పుడు

పిత్తాశయంలో రాళ్ల కోసం నాకు కీహోల్ (ల్యాపరోస్కోపీ) ఆపరేషన్ జరిగింది. కడుపు మీద పెట్టిన నాలుగు గాట్లలో బొడ్డు దగ్గరిది కాస్త పెద్దది. పిత్తాశయాన్ని అందులోంచే బయటికి తీశారు. గాట్లన్నీ త్వరగా మానాయి, జ్వరం రాలేదు, నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్లసాగాను.

నెల దాటాక ఆ బొడ్డు దగ్గరి మచ్చ కింద గట్టి గడ్డ ఒకటి చేతికి తగిలింది. కొన్నాళ్లకు చర్మం నల్లబడి, సన్నని రంధ్రం పడి, పలచని చీము కారడం మొదలైంది. మామూలు ఇన్ఫెక్షన్ అయితే మొదటి వారం, పది రోజుల్లోనే ఎరుపు, నొప్పి, జ్వరంతో బయటపడుతుంది. నాకు నొప్పి కూడా అంతంత మాత్రమే. ఇచ్చిన యాంటీబయాటిక్స్ వాడినంతకాలం చీము తగ్గేది, ఆపగానే తిరిగి వచ్చేది. చీములోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదని రాసి ఉండడం నన్ను మరింత కుంగదీసింది.

విజయవాడలో నేను కలిసిన మరో సర్జన్ గాయాన్ని చూడగానే, ఇంత ఆలస్యంగా వచ్చి ఇంత మొండిగా ఉన్నదంటే క్షయేతర మైకోబాక్టీరియాను (టీబీ క్రిమి జాతివే అయినా టీబీ కలిగించని క్రిములను) అనుమానించాలని చెప్పి, లోపలి కణజాలం తీసి ప్రత్యేకంగా ఆ కల్చర్‌కే పంపించారు. వాటిలో ఒకటైన ‘మైకోబాక్టీరియం కెలోనే’ అని తేలింది. ఆ పేరు విని అమ్మ టీబీ అనుకుని బెంబేలెత్తింది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని, టీబీ మందులకు లొంగేదీ కాదని డాక్టర్ గారు ఆమెకు ఓపికగా వివరించారు. ఈ క్రిములు నీటిలో, మట్టిలో ఉంటాయి. ల్యాపరోస్కోపీ పరికరాలను గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో కొద్దిసేపు ముంచి కుళాయి నీటితో కడిగితే, వాటి కీళ్లలో, సందుల్లో ఇవి నిలిచిపోయి గాయంలోకి చేరగలవు. నా విషయంలో అదే జరిగిందని రుజువు చేయలేను. అయినా ఒక్కొక్క భాగాన్నీ విడదీసి శుభ్రం చేసి, ఆవిరితో స్టెరిలైజ్ చేయడం ఏ ఆసుపత్రీ తప్పించుకోకూడని బాధ్యతని నా గట్టి అభిప్రాయం.

పాడైన కణజాలాన్ని తొలగించాక, క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ నెలల తరబడి, అమికాసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కొన్ని వారాలు సాగాయి. అమికాసిన్ వినికిడినీ, మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు కాబట్టి ఆ పరీక్షలు మధ్యమధ్య చేయించారు. అన్నం సహించని, నోరంతా చేదెక్కిన ఆ నెలల్లో, గాయం అడుగు నుంచి పూడుకుంటూ వస్తున్నదని డ్రెస్సింగ్ చేసే సిస్టర్ గారు చెప్పే మాటే నాకు ధైర్యం.

మందులు ఆపాక గడ్డ తిరిగి రాలేదు. ఇటీవల అక్కకు ఇదే ఆపరేషన్ అవసరమైనప్పుడు, పరికరాలను ఎలా స్టెరిలైజ్ చేస్తారో, పిత్తాశయాన్ని గాటుకు తగలకుండా సంచిలో పెట్టి తీస్తారో లేదో సర్జన్ గారిని ముందే అడిగాం. ఆయన నొచ్చుకోకుండా రెండింటికీ వివరంగా సమాధానం చెప్పారు.