మూడెకరాల వాలు మీద మూడు నేలలు

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు మాకు నాన్నగారి నుంచి వచ్చిన మూడెకరాల భూమి ఉంది. పాసుబుక్కులో అదంతా ఒకే సర్వే నంబరు. ఊళ్లో ఎవరిని అడిగినా అదంతా ఎర్రచెల్కే, అంటే ఇసుక కలిసిన ఎర్రనేలే. నేనూ అలాగే నమ్మి, తొమ్మిదేళ్ల కిందట పై గట్టు నుంచి కింద వాగు దాకా ఒకే కొలత గుంతలు తీయించి బత్తాయి మొక్కలు నాటించాను. మూడో ఏడు వచ్చేసరికి నడుమ ఉన్న చెట్లు గుబురుగా ఎదిగాయి, పైవి ఎన్ని నీళ్లు పెట్టినా మధ్యాహ్నానికి వాడిపోయేవి, కింది రెండు సాళ్లలో మాత్రం లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలాయి.

నాటే ముందు మట్టి పరీక్ష చేయించలేదా అంటే, చేయించాను. కానీ పైన, నడుమ, కింద తీసిన మట్టినంతా ఒకే గోనె పట్టా మీద పోసి, కలిపి, అందులోంచి అరకిలో పంపాను. వచ్చిన ఫలితంలో తప్పేమీ లేదు. అది నా భూమిలో ఎక్కడా లేని మట్టికి సంబంధించిన ఫలితం, అంతే. మూడు నేలల సగటు మీద ఏ చెట్టూ బతకదని నాకు అర్థం కావడానికి నలభై మొక్కలు పోవలసి వచ్చింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇలా ఎందుకు ఉంటుందో తెలుసుకుంటే ఎవరి పొలమైనా కొంత అర్థమవుతుంది. మన నేలలకు మూలం చాలావరకు గ్రానైటు జాతి రాయి. అది చితికి మట్టి అయ్యాక, వాలు పైభాగంలో ముతక ఇసుక, గరుసు, మొరం మిగిలిపోతాయి. సన్నని బంకమట్టి, నీటిలో కరిగే లవణాలు వానలతో పాటు దిగువకు చేరుతాయి. అందుకే గుట్ట అంచున దుబ్బ అనే ఇసుక నేల, నడుమ చెల్క, పల్లంలో నల్లరేగడి, నీరు బయటికి పోయే దారి లేని చోట లవణాలు పేరుకున్న చౌడు కనిపిస్తాయి. మా వాలు పొడవు రెండు వందల గజాలు కూడా ఉండదు, అయినా ఈ వరుస దాదాపు పూర్తిగా అందులో ఉంది.

మొక్కలు పోయాక నేను చేసిన మొదటి పని మూడు చోట్లా ఛాతీ లోతు గుంతలు తవ్వించడం. పైన అడుగున్నరకే గడ్డపార మొరానికి తగిలింది. నడుమ పైపొర ఇసుక చెల్క, కిందికి దిగినకొద్దీ బంక పెరిగింది; వేళ్లకు తేమ దాచిపెట్టేది ఆ పొరే. కింది గుంతలో రెండడుగుల దగ్గర తెల్లని సున్నపు గడ్డల పొర బయటపడింది. దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వచ్చింది. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోగల రూపంలో ఉండదు, లేత ఆకులు పాలిపోవడానికి కారణం అదే. పండ్లతోటకు నేలను అడుగుకొక నమూనా చొప్పున ఆరడుగుల వరకు పరీక్షించమని ఎందుకు చెబుతారో ఆ గుంత అంచున నిలబడినప్పుడు తెలిసింది.

పక్క పొలం పెద్దాయన ఆ గుంత చూసి, "బిడ్డా, మీ కింది మడి ఎండకాలంల తెల్లగ పూస్తది, సూడలేదా? అది జౌడు. చెట్టు పెట్టే జాగ కాదు," అన్నారు. ఆయన కంటితో చూసినదాన్ని నేను గాజు గ్లాసులో చూశాను. వాన నీటిలో ఎండిన మట్టిపెళ్లను కదపకుండా వేసి కొన్ని గంటలు వదిలేస్తే, మంచి మట్టి విరిగి అడుగున కూర్చుంటుంది, పైన నీరు తేటగానే ఉంటుంది. సోడియం ఎక్కువైన చౌడు మట్టి చుట్టూ పాలు కలిపినట్టు మసక వ్యాపిస్తుంది. తర్వాత విడిగా పంపిన నమూనాలో, మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8.5 దాటింది, అంటే క్షారం ఎక్కువ. 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే చాలా పంటలకు అనుకూలం.

ఇక్కడ బోరు నీటి సంగతి కూడా చెప్పాలి. మన ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు గురించి అందరికీ తెలుసు, ఆ బాధ పడిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. అలాంటి నీటిలో తరచుగా కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉంటుంది. దానినే ఏళ్ల తరబడి పారిస్తే మంచి నేల కూడా మెల్లగా చౌడు వైపు జరుగుతుంది. కాబట్టి మట్టితో పాటు నీటినీ పరీక్షించాలి, ఇంటి పెరట్లో నాలుగు వంగ మొక్కలు పెంచేవారైనా సరే.

నమూనా తీసే పద్ధతి కష్టమేమీ కాదు. నేల రంగు, వాలు, పంట మారిన చోటల్లా వేరే నమూనా తీయాలి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్పలు పోసిన చోట తీయకూడదు. మామూలు పంటలకైతే ఒక్కో భాగంలో ఎనిమిది పది చోట్ల ఆంగ్ల వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, దాని అంచు నుంచి సమమందాన పెళ్లను చెక్కి తీసి, నీడలో ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి.

ఇప్పుడు పైభాగంలో బత్తాయి లేదు. అక్కడ బాలానగర్ రకం సీతాఫలం పెట్టాను. మహబూబ్‌నగర్ జిల్లా రాళ్ల నేలల్లో పుట్టిన చెట్టుకు మొరం కొత్త కాదు. చెట్ల మధ్య ఎండాకాలం ఎరువు కోసం గొర్రెల మంద పెట్టిస్తున్నాను, చెరువు పూడిక మట్టిని పరీక్ష చేయించి పలచగా పరిపిస్తున్నాను. నడుమ బత్తాయి అలాగే ఉంది. అక్కడ వాన వెలిశాక పైపొర అట్టకట్టకుండా ఖాళీ సాళ్లలో గుంటక తోలిస్తాను. కింద ముందుగా వాగు వైపు మురుగు కాలువ తీయించి, మట్టిని పట్టుకున్న సోడియాన్ని విడదీసే జిప్సంను పరీక్షలో చెప్పిన మోతాదులో వేసి, వాన నీటిని నిలగట్టి వదిలిస్తున్నాను. కాలువ లేకుండా జిప్సం వేస్తే విడిపోయిన సోడియం పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. మొన్నటి వానాకాలం అందులో పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లిన జీలుగ నడుము ఎత్తు పెరిగితే పూత దశలో కలియదున్నించాను. వచ్చే వేసవిలో అదే చోట మళ్లీ గుంత తవ్వించి, గ్లాసులో పెళ్ల వేసి చూస్తాను.